మధ్యాహ్నం ఒంటిగంట నడక: మా డాగ్ వాకర్‌తో 28 నెలలు

పొద్దున 8 గంటలకు గుమ్మం దాటితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 7:30 అవుతుంది నాకు. అంటే పదకొండున్నర గంటలు. పెరిగిన కుక్క మూత్రం ఆపుకోగలిగేది మహా అయితే 6 నుంచి 8 గంటలు. ఆ పైన గడిచే ప్రతి గంటనూ మా చుక్కి ఏడాదిపాటు ఓర్చుకుంది. ఇంట్లో ఒక్కసారి కూడా తడపలేదు. నేను తలుపు తీయగానే నన్ను దాటుకుని మెట్ల మీదుగా పరుగెత్తేది. అది ఉత్సాహం అనుకున్నాను. ఒకరోజు మూత్రంలో ఎర్రటి చారలు కనబడ్డాయి. వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్తే మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. రోజూ గంటల తరబడి ఆపుకుంటే ఈ ముప్పు పెరుగుతుందని, మధ్యలో ఒక్కసారైనా దాన్ని బయటికి తీసుకెళ్ళే మనిషిని చూసుకోమని ఆవిడ చెప్పారు. ఆ రోజు క్లినిక్ బయట దాని తల ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత నాకు దొరికిన మనిషి గురించే ఈ సమీక్ష. 28 నెలలుగా వారానికి ఐదు రోజులు, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి చుక్కిని నడిపిస్తున్నాడు. సెలవులు పోను దాదాపు 550 నడకలు. ప్రతి నడకకీ క్యాలెండర్‌లో గీత పెట్టుకునే అలవాటు ఉంది కాబట్టి ఈ లెక్క తెలిసింది. పేరు రాయడం అతనికి ఇష్టం లేదు, రాయను. మార్కులు వేయమంటే 10కి 8 వేస్తాను. ఆ రెండు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

అతనికంటే ముందు ఇద్దరు వచ్చి వెళ్ళారు. వాళ్ళ గురించి చెప్పకపోతే ఇతని విలువ అర్థం కాదు.

మొదటి మనిషి ఒక యాప్ ద్వారా వచ్చాడు. ఐదుకి ఐదు స్టార్లు, గుర్తింపు కార్డు సరిచూశామన్న పచ్చ టిక్కు, నడిచినంత మేరా మ్యాపు మీద నీలం గీత. అన్నీ చూసి నిశ్చింతగా ఉన్నాను. మూడో వారంలో ఒకరోజు గట్టిగా వాన కురిసింది. నాకు జ్వరం తగిలి 2 గంటలకే ఇంటికి వచ్చేశాను. మ్యాపులో అప్పటికే 32 నిమిషాల నడక పూర్తయినట్టు ఉంది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న లీష్, అంటే కుక్కని పట్టుకునే తాడు, పొడిగా ఉంది. చుక్కి పాదాల వేళ్ళ సందుల్లో వెంట్రుకలు పొడిగా ఉన్నాయి. నేను మడత పెట్టి ఉంచిన తువ్వాలు మడత మీదే ఉంది. ఆ గీత గీసింది అతని జేబులోని ఫోను. అంతకుముందు రెండు వారాల్లో ఎన్ని నడకలు నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఆలోచన వస్తే ఈనాటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

రెండో అబ్బాయి చదువుకుంటూ ఈ పని చేసేవాడు. కుక్కలంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ ఒకేసారి ఐదు కుక్కల్ని తీసుకెళ్ళేవాడు. ఒకదాని స్వభావం ఒకదానికి పడదు, చేతులేమో రెండే. ఒక శనివారం చుక్కికి తల దువ్వుతుంటే ఎడమ చెవి వెనక వెంట్రుకలు అట్ట కట్టి ఉన్నాయి. విడదీసి చూస్తే పంటి గాటు, అప్పటికే చీము పట్టింది. అడిగితే, "గురువారం చిన్న గొడవైంది అండి, మీరు కంగారు పడతారని చెప్పలేదు" అన్నాడు. టీకాలు సక్రమంగా పడిన కుక్కకైనా కరిచిన గాటు పడితే వెంటనే సబ్బూ నీళ్ళతో కడిగించి, డాక్టరుకు చూపించి, రేబీస్ బూస్టర్ వేయించాలి. చెప్పకపోవడం వల్ల మాకు రెండు రోజులు పోయాయి. అతన్ని మాన్పించడం నాకు బాధగానే అనిపించింది. చెడ్డవాడేం కాదు. కానీ నేను లేనప్పుడు ఏం జరిగిందో నాకు చెప్పలేని మనిషి చేతికి తాళం ఇవ్వలేను.

అందుకే మూడోసారి వెతికేటప్పుడు అడిగే ప్రశ్నలు మార్చేశాను. ఎన్నేళ్ళ అనుభవం, ఏ జాతి కుక్కలు అలవాటు అనే మాటలు పక్కన పెట్టి, "నీ చేతిలో ఉండగా కుక్కకి ఎప్పుడైనా ఏమైనా అయిందా?" అని అడగడం మొదలుపెట్టాను. నలుగురిలో ముగ్గురు ఎప్పుడూ ఏమీ కాలేదన్నారు. నాలుగో అతను మాత్రం కాసేపు ఆలోచించి, ఒక ముసలి కుక్కని ఎండలో ఎక్కువ నడిపించాననీ, అది కూలబడితే మోసుకుంటూ తెచ్చాననీ, అప్పటి నుంచి నేల తాకి చూడకుండా ఏ కుక్కనీ బయటికి తీయననీ చెప్పాడు. పనిలోకి తీసుకున్నది అతన్నే.

మొదటి మూడు నడకలు అతనితో పాటు నేనూ నడిచాను. సెలవు పెట్టుకుని మరీ. ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, ఆ మూడు రోజులు వదులుకోవద్దు. వచ్చీ రాగానే చుక్కి మీదికి వంగి తల నిమరలేదు. పక్కకి తిరిగి గొంతుకూర్చుని, చెయ్యి కిందకి వదిలి, అది వచ్చి వాసన చూసేదాకా ఆగాడు. ఛాతీ చుట్టూ వేసే పట్టీ, అంటే హార్నెస్, తొడిగాక దానికీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. లీష్ ఉచ్చులో బొటనవేలు దూర్చి, అరచేతి చుట్టూ తిప్పి పట్టుకున్నాడు. బటన్ నొక్కితే సాగే లీష్ నా దగ్గర ఉంటే అది వద్దన్నాడు. కుక్క ఒక్కసారి దూకితే ఆ సన్నటి తాడు చేతిని కోసేస్తుందట, పిడి జారి కింద పడితే ఆ చప్పుడు వెంటపడుతోందని కుక్క ఇంకా బెదిరిపోతుందట. నడిచినంతసేపూ ఫోను జేబులోంచి తీయలేదు. ఇప్పటికీ అంతే. నడక మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తడు, ఇంటికి చేరాకే చేస్తాడు. మొదట్లో ఇది నాకు చిరాకు, ఇప్పుడు ఇదే ధైర్యం.

కానీ అతని మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మూడు రోజుల్లో కాదు, రెండో వారంలో. మీటింగులో ఉండగా మెసేజ్ వచ్చింది: "అక్కా, తప్పు నాదే. ఇవాళ గేటు దగ్గర హార్నెస్ వదులు చూసుకోలేదు. స్కూటర్ చప్పుడికి చుక్కి వెనక్కి గుంజి బయటికి వచ్చేసింది. నాలుగు నిమిషాల్లో దొరికింది. దెబ్బలేం లేవు, నాలుగు పాదాలూ చూశాను. వీడియో కాల్ చేయనా?" చదువుతుంటే చేతులు వణికాయి. రాత్రి వివరంగా అడిగాను. వెంట పరిగెత్తలేదట. పరిగెత్తితే అది ఆట అనుకునో, భయపడో ఇంకా దూరం పోతుంది. అందుకని ఎదురు దిక్కుకి నాలుగడుగులు వేసి, కింద కూర్చుని, జేబులో ఉన్న బిస్కెట్ కవరు చప్పుడు చేశాడు. అదే తిరిగి వచ్చింది. ఆ రోజు అతను చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కెమెరా అప్పటికి పెట్టలేదు, చూసినవాళ్ళు లేరు. పని పోతుందేమోనని తెలిసి కూడా చెప్పాడు. ఆ వారమే హార్నెస్ కొక్కేన్ని మెడపట్టీకి కలిపే చిన్న క్లిప్పు కొన్నాను. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ తప్పించుకోలేదు.

ఇక రోజువారీ సంగతి. మా మాట ప్రకారం నడక అరగంట. మొదటి నెలల్లో లెక్క చూసుకుంటే దూరం కిలోమీటరు కూడా దాటేది కాదు. ఇంత తక్కువేంటని అడిగాను. "అది నడవడానికి రాదక్కా, వాసన చూడడానికి వస్తుంది" అన్నాడు. ఒక ఆదివారం నేనే తీసుకెళ్ళి దాని పద్ధతిలో నడవనిచ్చాను. ఒక్క స్తంభం దగ్గరే మూడు నిమిషాలు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే, కుక్కల్లో జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. పదకొండు గంటలు నాలుగు గోడల మధ్య ఉండే ప్రాణికి ఆ స్తంభం దగ్గరి మూడు నిమిషాలు ఎంత అవసరమో అప్పుడు అర్థమైంది. దూరం గురించి మళ్ళీ అడగలేదు. నేను వచ్చేసరికి అది ప్రశాంతంగా నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, నెమ్మదిగా నా దగ్గరికి వస్తోంది. చెప్పులు కొరకడం ఆగిపోయింది.

వేసవిలో అతని మెసేజ్‌లు పొట్టిగా ఉంటాయి. "ఇవాళ 8 నిమిషాలే. రోడ్డు కాలుతోంది. మిగతా సేపు లోపలే ఆడించాను." బయటికి తీసేముందు అరచేతి వెనక వైపు నేలకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెడతాడు. అంతసేపు చెయ్యి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉంచలేవు. పైగా మనలా వాటికి ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే వాటికి చల్లబడే ముఖ్యమైన దారి. అరగంటకి డబ్బు తీసుకుని ఎనిమిది నిమిషాలే నడిపించానని తానే రాసే మనిషితో గడియారం చూసుకుని బేరం ఆడాలనిపించదు.

మలం సంగతి కూడా రాస్తాడు. చదివేవాళ్ళకి ఎలా అనిపించినా, ఇది చాలా ముఖ్యం. గట్టిగా వెళ్ళిందా, పలచగానా, రంగు ఎలా ఉంది. నిరుడు ఒకసారి అందులో రక్తపు చార ఉందని ఫోటో తీసి పంపాడు, కొంచెం కవర్లో కట్టి పక్కన పెట్టాడు కూడా. దాన్నే పరీక్ష చేయిస్తే నులిపురుగులు ఉన్నాయని తేలింది, మందుతో వారంలో తగ్గింది. పొద్దున నడకలో నేను తొందరలో ఉంటాను, అది నా కంట పడేదే కాదు. ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లు కూడా అంతే. నడక అయ్యాక చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వేలితో తడిమి చూస్తాడు. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగేస్తాడు. ఎర్లీషియోసిస్ అనే జ్వరం గోమార్ల నుంచే వస్తుంది, దాంతో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే ఈ తడమడం నాకు చిన్న పనిగా అనిపించదు.

తాళాల విషయం క్లుప్తంగా. తాళంచెవి బిళ్ళ మీద చిరునామా ఉండదు, కుక్క పేరూ ఉండదు, ఒక అంకె మాత్రమే. గుమ్మం దగ్గర కెమెరా పెట్టాను, పెట్టే ముందే అతనికి చెప్పాను. చాటుగా పెట్టడం నాకు నచ్చదు. డబ్బు నెల మొదట్లోనే ఇస్తాను, నా సెలవు రోజులకి కోయను. నేను ఊరెళ్ళిన వారం అతని ఇంట్లో పొయ్యి ఆగదు కదా.

ఇప్పుడు ఆ తగ్గిన రెండు మార్కులు. ఒకటి తాయిలాలు. చుక్కి కళ్ళు పెద్దవి చేసి చూస్తే అతను కాదనలేడు. మొదటి ఏడాదిలో 17 కిలోల కుక్క 19 దాటింది. రెండుసార్లు చెప్పినా తగ్గలేదు. చివరికి దాని రోజువారీ తిండిలోంచే గుప్పెడు తీసి చిన్న డబ్బాలో పెట్టి, అది అయిపోతే ఇంక లేదని ఖరాఖండిగా చెప్పాక దారిలోకి వచ్చాడు. ఇప్పుడు బరువు 17.6.

రెండోది ఇంకా పెద్దది. అతను రాలేని రోజు ఇంకో మనిషి లేడు. నిరుడు అతనికి జబ్బు చేసి తొమ్మిది రోజులు మంచం పట్టాడు. ఆ తొమ్మిది రోజులూ నేను భోజన విరామంలో ఇంటికి పరిగెత్తి, చుక్కిని ఐదు నిమిషాలు కిందికి దింపి, తినకుండా తిరిగి వెళ్ళాను. రెండు రోజులు అదీ కుదరలేదు. ఇందులో తప్పు అతనిది ఎంతో నాదీ అంతే. అంతా ఒక్క మనిషి మీద పెట్టి, రెండో మనిషిని ముందే చూసుకోకపోవడం నా పొరపాటు. పైగా ఒంటిగంట తప్ప వేరే వేళ అతనికి కుదరదు. ఒకసారికి ఒక్క కుక్కనే తీసుకెళ్తాడు కాబట్టి మిగతా వేళలన్నీ మిగతా ఇళ్ళవి. ఆ నియమం నాకు నచ్చే అతన్ని పెట్టుకున్నాను, దాని ఇబ్బందీ నేనే పడాలి.

వచ్చే నెల నుంచి నా డ్యూటీ వేళలు మారుతున్నాయి. సాయంత్రం 6కి కూడా ఒక నడక కావాలి. అతనే తనకు తెలిసిన ఒక అబ్బాయిని తీసుకొచ్చాడు. చుక్కి, మా వాకరు, ఆ అబ్బాయి, నేను నలుగురం కలిసి మూడు నడకలు అనుకున్నాం. నిన్న మొదటిది. కుక్క పక్కన నడవడం, ఆగడం అన్నీ బాగానే చేశాడు గాని, గేటు దగ్గర హార్నెస్‌లో వేళ్ళు పెట్టి చూడడం మరిచిపోయాడు. "రెండు వేళ్ళు తమ్ముడూ" అని మా వాకరే గుర్తు చేశాడు. ఇంకా రెండు నడకలు ఉన్నాయి. గురువారం నేను అడగాల్సిన ప్రశ్న కూడా మిగిలే ఉంది, ఇంతకుముందు నీ చేతిలో కుక్కకి ఏమైనా అయిందా అని.