బ్యారెల్ మార్చిన మౌజర్‌తో ఏడు సీజన్లు

టెక్సాస్‌లో తుపాకీతో జింకల వేట మామూలుగా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఏడేళ్ల కిందట ఆ శనివారానికి ఇంకా మూడు వారాలే ఉన్నప్పుడు నాకు ఒకటే టెన్షన్. థర్టీ-ఆట్-సిక్స్ అనే రకం తూటాకు సరిపోయే కొత్త బ్యారెల్ (గొట్టం) వేయించిన నా మౌజర్ 98 రైఫిల్ వంద గజాల దూరంలో మూడు గుళ్లను 4 అంగుళాల మేర చెదరగొడుతోంది. 200 గజాలకు అది 8 అంగుళాలవుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కూడా దాదాపు అంతే. దెబ్బతిన్న జంతువు పొదల్లో పడి నరకం అనుభవిస్తే ఆ పాపం నాదే కదా.

మొదట బ్యారెల్‌నే అనుమానించాను. వేర్వేరు బరువుల తూటాలు, 150, 165, 180 గ్రెయిన్లవి, మార్చి మార్చి కాల్చాను. వేరే రైఫిల్ మీద బాగా పనిచేస్తున్న స్కోప్ (గురి చూసే దుర్భిణి) తెచ్చి బిగించాను. ఏమీ మారలేదు. బ్యారెల్ బిగించిన గన్‌స్మిత్‌ను, అంటే తుపాకుల మెకానిక్‌ను అడిగితే, వంద రౌండ్లు పేలిస్తే అదే కుదురుకుంటుందన్నాడు. కుదురుకోలేదు.

దారి చూపించింది టార్గెట్ కాగితమే. ఏ రంధ్రం ఎన్నో గుండుదో పక్కనే అంకె వేస్తూ పోయాను. చల్లటి బ్యారెల్‌తో కాల్చిన మొదటి గుండు ప్రతిసారీ చుక్క మీదే. రెండోది, మూడోది ఎడమకు, పైకి. చల్లారనిచ్చి కాలిస్తే మళ్లీ చుక్క మీదే. అంటే బ్యారెల్ మంచిదే, వేడెక్కినప్పుడు దాన్ని ఏదో పక్కకు నెడుతోంది.

రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య డాలర్ నోటు పెట్టి వెనక్కి లాగాను. జానెడు దూరం సాఫీగా జరిగి, కుడివైపు బిగుసుకుపోయింది. స్టాక్, అంటే రైఫిల్ చెక్క భాగం, విప్పి చూస్తే సరిగ్గా అక్కడే చెక్క గోరంత మేర నల్లబడి, నున్నగా మెరుస్తోంది. కొత్త బ్యారెల్ పాతదానికంటే కాస్త లావు, బ్యారెల్ కూర్చునే చెక్కలోని గాడి మాత్రం పాతదాని కొలతకు చెక్కింది. బిగించేటప్పుడే చూడాల్సిన విషయం ఇది.

గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి, నోటు చివరిదాకా తేలిగ్గా జారేవరకు గాడి అరగదీశాను. బయటపడ్డ పచ్చి చెక్కకు తేమ పట్టకుండా వార్నిష్ పూశాను. మూడు గుళ్ల చెదురు 2 అంగుళాలకు తగ్గింది. మిగతాది రీకాయిల్ లగ్ (పేలినప్పటి వెనక్కి తన్నే దెబ్బను చెక్కకు ఆనించే లోహపు దిమ్మ) దగ్గర ఎపాక్సీ జిగురుతో బెడ్డింగ్ చేశాక, అంటే లోహం కదలకుండా చెక్కలో కుదురుగా కూర్చునేలా చేశాక తీరింది. ఆ పనిలో లోహానికి జిగురు అంటకుండా చేసే రిలీజ్ ఏజెంట్ పూయడం మాత్రం మరిచిపోకండి, లేకపోతే యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే లోహపు భాగం) చెక్కకు అతుక్కుపోతుంది.

ఇప్పుడు వంద గజాల దగ్గర మూడు గుళ్లూ అంగుళంన్నరలోపే పడుతున్నాయి. తేలికైన సింథటిక్ స్టాక్ వేసుకోమని స్నేహితులంటారు కానీ, వాల్‌నట్ చెక్క చేతికి తగిలే తీరు నాకిష్టం. దానికి తగ్గ కాపలా కాయాల్సిందే. మూడో ఏడాది బాగా వానలు పడ్డాక చెక్క తేమకు ఉబ్బి, నోటు మళ్లీ అదే చోట పట్టేసింది. అప్పటినుంచి ప్రతి సెప్టెంబరులో, ఒక్క తూటా కాల్చకముందే నోటు లాగి చూస్తున్నాను.