ఫొటోలు పోలేదు, పోయాయని చెప్పి డబ్బు పట్టుకుపోయాడు: పాలమూరు దుకాణదారులకు హెచ్చరిక

పాలమూరులో బట్టల దుకాణాలు నడిపేవాళ్లు ఒక్క నిమిషం ఇది చదవండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆ మనిషి మీ దగ్గరికీ వచ్చే ఉంటాడు. చేతిలో రంగుల కరపత్రం, మెడలో ఐడీ కార్డు, "అక్కా, మీకైతే ప్రత్యేకం" అనే పలకరింపు. పేరు రాయను, మీకే తెలుస్తుంది.

పాత కంప్యూటర్ నెమ్మదించిందని కొత్తది కొన్నాను. సాఫ్ట్‌వేర్‌ను అందులోకి మార్చింది ఇతనే, దానికి చార్జీ వేరే. మరునాడు తెరిస్తే బిల్లు పడుతోంది కానీ, చీర కోడ్ కొడితే ఫొటో రావాల్సిన చోట ఎర్రటి ఇంటూ గుర్తు. పైనున్న బటన్ల మీద బొమ్మలు లేవు. ఏది నొక్కితే బిల్లు సేవ్ అవుతుందో, ఏది నొక్కితే చెరిగిపోతుందో తెలియదు. మాటిమాటికీ ఫైలు దొరకలేదని ఒక పెట్టె లేస్తుంది, ఓకే నొక్కనిదే ముందుకు కదలదు.

చీరల వ్యాపారంలో ఫొటో అలంకారానికి కాదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, మూడింటికీ మూడు రంగులు ఉండవచ్చు. "నారాయణపేట గళ్లలో ఇదే కావాలి, అంచు మాత్రం ఆకుపచ్చ" అని అడిగితే ముందు ఫొటో చూపించి, నచ్చాకే పై అరలోంచి దించుతాం.

ఫోన్ చేస్తే వచ్చాడు. ఆ సమయానికి దేవరకద్ర నుంచి పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. మౌస్ కూడా ముట్టుకోకుండానే తేల్చేశాడు: "వైరస్ అక్కా, ఫొటోలన్నీ తినేసింది. రికవరీ చేయాలి, 6,500 అవుతుంది." నిన్ననే కదా మీరు కాపీ చేసింది, ఇంతలోనే ఎలా పోతాయి అని అడిగాను. నాకు జవాబు చెప్పలేదు. పెళ్లివారి వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు: "తెలియనివాళ్ల చేతుల్లో కంప్యూటర్ పెడితే ఇంతేనమ్మా, ఏదో నొక్కేసి ఉంటారు." ఈ దుకాణం బిల్లులు కొట్టేది నేను, జీఎస్టీ లెక్కలు సరిచూసుకునేది నేను. నా గల్లాపెట్టె ముందు నిలబడి, నా గిరాకీతో నా గురించి ఆ మాట! ఆ పెద్దావిడ ఏమీ విననట్టు చేతిలోని చీర మడత సర్దుతూ కూర్చుంది. ఆమెకున్న మర్యాదలో పావు వంతు ఇతనికి ఉంటే బాగుండేది.

నలుగురి ముందు మాట పెరగడం ఎందుకని డబ్బు పంపించేశాను. గొప్ప పెద్దరికం నాది!

సీపీయూ పట్టుకెళ్లి సాయంత్రానికి తెచ్చాడు. ఫొటోలు వచ్చాయి, బటన్ల బొమ్మలు రాలేదు. "అది వేరే సమస్య అక్కా, దానికి వేరే చార్జీ."

ఈలోగా మా అన్నయ్య కొడుకు సెలవులకు వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టాల్సింది పోయి, అసలు ప్రోగ్రామ్ ఫైలునే కాపీ చేసి తెచ్చి అక్కడ పడేశారట. అది బొమ్మల కోసం తన పక్కనున్న ఫోల్డరులో వెతుకుతుంది, ఆ ఫోల్డరేమో పాత చోటే ఉండిపోయింది. మావాడు ఆ కాపీని తీసేసి, అసలు ఫైలుకు షార్ట్‌కట్ చేసి పెట్టాడు. బటన్లన్నీ యథాస్థానానికి వచ్చాయి. వేరే చార్జీ అన్నది ఈ పాటి పనికి.

అసలు కథ ఆ తరువాత. ఎర్రర్ పెట్టెను నేను ముందే ఫోనులో ఫొటో తీసి ఉంచాను. అది చదివి వాడు, "అత్తా, ఈ పేరు ఎవరిది?" అన్నాడు. సి డ్రైవ్, అందులో యూజర్స్, ఆ పక్కన ఈ మహానుభావుడి పేరే! పాత కంప్యూటర్‌లో విండోస్ ఖాతా తన పేరుతో తెరిచి, మా ఫొటోలు అందులో పెట్టాడు. ఈ సాఫ్ట్‌వేర్ ఫొటోను తనలో దాచుకోదు, ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డరులో ఉందో ఆ దారి మాత్రమే రాసుకుంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఖాతా మా దుకాణం పేరుతో ఉంది. ఇల్లు మారినా పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తే ఎలా అందుతాయి?

ఫొటోలు ఎక్కడికీ పోలేదు. మొదటి రోజు తను కాపీ చేసిన డి డ్రైవ్‌లోనే ఒక్కటీ చెడకుండా ఉన్నాయి. రికవరీ అంటే ఆయన చేసింది, సి డ్రైవ్‌లో తన పేరుతో ఫోల్డరు సృష్టించి వాటిని మళ్లీ అందులోకి కాపీ చేయడం. ప్రాపర్టీస్ తెరిచి చూస్తే ఆ ఫోల్డరు పుట్టింది సీపీయూ ఆయన దగ్గర ఉన్న మధ్యాహ్నమే.

ఫోన్ చేసి నిలదీస్తే "అది సర్వీసు చార్జీ అక్కా" అన్నాడు. మరి వైరస్ ఏమైందంటే పెట్టేశాడు. రసీదు పంపమని వాట్సాప్‌లో అడిగాను, నీలం టిక్కులు పడ్డాయి, రసీదు రాలేదు.

మీరైనా చూసుకోండి. ఎర్రర్ వస్తే ఓకే నొక్కేముందు ఫొటో తీయండి, అందులో చెప్పిన ఫోల్డరు మీ కంప్యూటర్‌లో ఉందో లేదో చూడండి. యాంటీవైరస్ ఏమైనా ఫైళ్లను పక్కన పెట్టిందేమో అదీ చూడండి. పాత కంప్యూటర్‌ను తొందరపడి అమ్మకండి. రసీదు ఇవ్వనిదే సీపీయూను గడప దాటనివ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని ఇతను వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొనుక్కున్నవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, నాది ఒంటి గది దుకాణం. యూపీఐ చెల్లింపు, ఎర్రర్ ఫొటో, వాట్సాప్ సందేశాలు అన్నీ ఉన్నాయి. ఇతనికి రికవరీ పేరుతో డబ్బు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే మీ డి డ్రైవ్ ఒకసారి తెరిచి చూసి నాకు చెప్పండి, కలిసి వెళ్దాం.