కార్డా, ఇన్‌లాండ్ లెటరా?

చేత్తో ఉత్తరాలు రాయడం మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే పోస్టాఫీసులో చవకైనవి రెండున్నాయి: 50 పైసల కార్డు, లోపల రాసి మడిచి అంటించే రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్.

కార్డు మన దేశానికి 1879లో వచ్చింది. "నారు పోశాం, పిల్లలకు సెలవులిచ్చారు, రండి." అంతవరకే చోటు. కోనసీమలో పెళ్లి కబురు కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసేవారు. చదవకముందే ఇంట్లో సందడి మొదలయ్యేది. చావు కబురైతే చదివి చించేసేవారు. కానీ కార్డు మీది రాత దారిలో ఎవరి కంటయినా పడుతుంది.

మనసు విప్పాలంటే ఇన్‌లాండే. చోటు చాలక అమ్మలు మడత అంచున నిలువుగా "అల్లుడిగారిని అడిగామని చెప్పు" అని ఇరికించేవారు. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అది. లోపల ఫోటో, నోటు మాత్రం పెట్టకూడదు.

గోదావరికి వరదొస్తే లంక గ్రామాలకు రాకపోకలు పడవల మీదే. తడికి ఇంకు అలుక్కుపోతుంది కనుక దేనికైనా బాల్‌పెన్నే మేలు.

అమలాపురంలోని తాతగారికి పెద్ద అక్షరాలతో కార్డు చాలు. కువైట్‌లో ఉన్న అక్కకు ఇన్‌లాండ్ వెళ్లదు. కవరు కొని, విదేశీ చార్జీకి సరిపడా స్టాంపులు అంటించి, నాలుగు కాగితాలు నిండా రాయండి.