సెకండ్ హ్యాండ్ క్రూజర్ కొంటున్నారా? వరద నీళ్లు తాగిన ఇంజన్లతో జాగ్రత్త

విజయవాడలో గానీ ఆ చుట్టుపక్కల గానీ పాత క్రూజర్ (తీరిగ్గా దూర ప్రయాణాలకు వాడే మోటార్‌సైకిల్) కొనాలనుకుంటున్నవారు దయచేసి అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదవండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి చోట్ల రోజుల తరబడి నీళ్లలో నానిన బండ్లు ఉన్నాయి. వాటిని తుడిచి, మెరుగు పెట్టి, ఏమీ ఎరగనట్టు అమ్ముతున్నవారూ ఉన్నారు. అలాంటి ఒక బండికి నేను 1,32,000 రూపాయలు పోశాను.

నాది ఏలూరు. 2025 ఫిబ్రవరిలో విజయవాడలో ఒక పాత బండ్ల దుకాణంలో 2021 మోడల్ 350 సీసీ క్రూజర్ నచ్చింది. తిరిగింది 19,000 కిలోమీటర్లు. మా బావగారి దగ్గర అదే మోడల్ ఉంది. ఆయన 60,000 దాటించారు, ఇంతవరకు ఇంజన్ విప్పే పని పడలేదు. ఆ భరోసాతోనే వెళ్లాను. ధర చూస్తే బయటికన్నా పాతిక వేలు తక్కువ. కారణం అడిగితే, "ఓనరు అమెరికా వెళ్లిపోతున్నారు సార్, అందుకే తొందర" అన్నాడు దుకాణదారు.

ఉదయం తొమ్మిదిన్నరకు వస్తానని ముందు రోజే ఫోను చేసి చెప్పాను. వెళ్లేసరికి బండి నీడలో తళతళలాడుతూ నిలబడి ఉంది. బటన్ నొక్కగానే స్టార్టయింది. ఇంజన్ రెక్కల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఆగి ఉంటే నా డబ్బు మిగిలేది. పొద్దున్నే ఎవరూ నడపని బండి ఎందుకు వెచ్చగా ఉందని నేను అడగలేదు.

క్రూజర్ ఇంజన్ గట్టిదన్న పేరు ఊరికే రాలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020 నవంబరులో మెటియర్‌తో తెచ్చిన 349 సీసీ ఇంజన్‌నే ఉదాహరణగా తీసుకోండి. గరిష్ఠ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 27 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 4,000 తిరుగుళ్ల దగ్గరే అందుతుంది. ఇంజన్‌ను ఉరుకులు పెట్టించనక్కర లేదు కాబట్టి అరుగుదల తక్కువ. ఏ కంపెనీదైనా ఈ తరహా ఇంజన్లలో ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ కుదుపులను మింగేస్తుంది. కొనేవారికి ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. లోపల బేరింగ్ సన్నగా మూలుగుతున్నా ఆ బరువు, ఆ డుగ్‌డుగ్ చప్పుడు దాన్ని కప్పేస్తాయి. ఇంజన్ వేడెక్కి ఉండి, పైగా చిక్కటి ఆయిల్ పోసి ఉంటే ఆ మూలుగు కొత్తవాళ్ల చెవికి అసలు ఆనదు.

మొదటి నాలుగు వందల కిలోమీటర్లు హాయిగా నడిచింది. తర్వాత అరవై వేగం దాటితే కాళ్ల దగ్గర నుంచి 'రుయ్' మని సన్నటి శబ్దం మొదలైంది. దుకాణానికి ఫోను చేస్తే "చైన్ సార్, గ్రీజు పెట్టించండి" అన్నారు. పెట్టించాను. ఏడో వారంలో నేనూ మా ఆవిడా విజయవాడలో పెళ్లి చూసుకుని వస్తున్నాం. హనుమాన్ జంక్షన్ దాటాక ఆ రుయ్ శబ్దం ఒక్కసారిగా గరగరగా మారింది, మరుక్షణం వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకోగలిగాను కాబట్టి బండి పక్కకు జారి ఆగింది. వెనకే వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. మా ఆవిడ చేతుల వణుకు ఇంటికి చేరినా తగ్గలేదు. నా కోపమంతా అందుకే. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఏలూరులో మా నాన్న కాలం నుంచి మాకు బండ్లు చూసే పెద్దాయన ఒకరున్నారు. కింద ఎనామిల్ పళ్లెం పెట్టి ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు విప్పారు. నల్లగా రావాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో దిగింది. ఆయన ఏమీ అనకుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశారు. ఫిల్టర్ కొత్తది. దాన్ని పైకి తీసి టార్చిలైటు వేస్తే డబ్బా గోడ మీద, సగం ఎత్తులో, గీత గీసినట్టు ఎండిన బురద. వేలితో రాస్తే పౌడరులా మెత్తగా అంటుకుంది. "బాబూ, ఈ బండి ఇంతవరకు నీళ్లలో ఉంది" అని ఆ గీత మీద గోరు పెట్టి చూపించారు.

ఇంజన్ రెండు ముక్కలు చేశాక క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) బేరింగ్ బయటపడింది. బేరింగ్ బాల్స్ తిరిగే, అద్దంలా ఉండాల్సిన దారి మీద ఆవగింజంత గుంటలు, వాటిలో ఎర్రటి తుప్పు. బాల్స్‌ను పట్టి ఉంచే కేజ్ విరిగిపోయింది. బేరింగులు, క్రాంక్, ఆయిల్ పంపు, కూలీ అన్నీ కలిపి 41,000 రూపాయలైంది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ఏం వెతకాలో మీకే తెలుస్తుంది. మునిగిన బండిలోకి నీళ్లు ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచీ సైలెన్సర్ వైపు నుంచీ వస్తాయి. తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లో చేరతాయి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం ద్వారా క్రాంక్ ఉండే అడుగు గదిలోకీ (క్రాంక్ కేసు) దిగుతాయి. గాలి నొక్కితే కుదించుకుపోతుంది గానీ నీరు కుదించుకోదు. అలాంటప్పుడు స్టార్ట్ చేస్తే పిస్టన్ నీటిని గుద్దుకుని దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. స్టార్ట్ చేయకుండా ఊరుకున్నా, వారం పది రోజులు తడిలో ఉన్న బేరింగుకు తుప్పు పడుతుంది. తర్వాత ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా నీళ్లు పోతాయేమో గానీ ఆ గుంటలు పూడవు. నాలాంటివాడు కొన్నాక అవి నెమ్మదిగా పెద్దవవుతాయి.

కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా మీరే మొదటిసారి స్టార్ట్ చేయాలి. "ఇంజన్ వెచ్చగా ఉంటే తిరిగి వెళ్లిపోతాను" అని ముందే చెప్పండి. కాసిని ఆయిల్ డ్రెయిన్ బోల్టు దగ్గర దింపి చూపించమనండి. నిజాయితీగా అమ్మేవారికి పావుగంట పని అది. సీటు తీసి దాని కిందా, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపలా, హెడ్‌లైట్ అద్దం కింది అంచునా బురద గీత కోసం చూడండి. వైరింగ్ కనెక్టర్ ఒకటి విడదీస్తే లోపలి పిన్నులు పచ్చగా పాచి పట్టినట్టు కనిపించవచ్చు. బండి మొత్తం పాతదై, ఫిల్టరూ స్పీడోమీటరూ మాత్రమే కొత్తవైతే అనుమానించండి. మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయన రోజు కూలీ నా 41,000లో ఎన్నో వంతో లెక్కేసుకోండి.

కాగితాలు కూడా మాట్లాడతాయి. నా బండి ఆర్‌సీలో పాత యజమాని చిరునామా పాయకాపురం. కొన్న రోజే అది చదివాను, కానీ మనసు బండి మీద ఉంది. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, ఐదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. నాలుగేళ్ల బండికి అది సున్నా అయితే ఎందుకో అడగండి. సొంత నష్టానికి, అంటే మన బండికే జరిగే నష్టానికి, పాలసీయే లేకపోతే క్లెయిమ్ చరిత్రా ఉండదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. దానితో సరిపోయిందనుకుని చాలామంది రెండో ఏడాది నుంచి సొంత నష్టం పాలసీ తీసుకోరు. అలాంటివారికి వరదలో పైసా రాదు. ప్రభుత్వం బండికి 3,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బుతో ఇంజన్ బాగవుతుందా? ఇల్లు మునిగి, వచ్చిన ధరకు బండిని వదిలించుకున్న ఆ కుటుంబం మీద నాకు కోపం లేదు. సంగతంతా తెలిసి, అమెరికా కథ చెప్పి నా చేతిలో పెట్టినవాడి మీదే నా కోపం.

దుకాణదారు "పాత బండికి గ్యారంటీ ఉండదు సార్" అని తేల్చేశాడు. గ్యారంటీ లేకపోవడం వేరు, నీళ్లలో మునిగిందన్న సంగతి దాచి అమ్మడం వేరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మీరు ఉన్న జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. పళ్లెంలోని ఆయిల్, బురద గీత, తుప్పు పట్టిన బేరింగ్ అన్నింటికీ తేదీతో ఫోటోలు తీసి ఉంచడం పనికొచ్చింది. ఇంకొక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు కొని అమ్మే వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. నేను అడగలేదు, మీరు అడగండి.

పోయిన ఆదివారం ఆ దారిన వెళ్లాను. దుకాణం ముందు వరుసలో ఎర్ర క్రూజర్ ఒకటి ఉంది. పాతికేళ్ల కుర్రాడు దాని మీద కూర్చుని హ్యాండిల్ తిప్పి చూసుకుంటున్నాడు. హెడ్‌లైట్ అద్దం లోపల, కింది అంచున, సన్నటి మట్టి గీత. అతను టీ తాగడానికి రోడ్డు దాటినప్పుడు వెనకే వెళ్లి నా ఫోనులోని ఫోటోలు చూపించాను. మెకానిక్‌ను తీసుకుని మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. బండి మాత్రం ఇంకా అక్కడే ఉంది.