1961 మోడల్ టాటా మెర్సిడెస్ లారీ: బాగు చేయించి ఇన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

పాత లారీ కొని బాగు చేయిద్దామనుకునే వాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. ఇంజిన్ గురించి టెన్షన్ పడకండి, దాని సంగతి మేస్త్రీలు చూసుకుంటారు. మిమ్మల్ని తిప్పలు పెట్టేవి మూడే: కేబిన్ చెక్క, బ్రేకులు, కాయితాలు.

మాది 1961 మోడల్ టాటా మెర్సిడెస్ బెంజ్ 312, ముందు పొడుగాటి ముక్కున్న లారీ. నాన్నగారి రోజుల్లో అంబాజీపేట కొబ్బరికాయలు, రావులపాలెం అరటి గెలలు మోసింది. 1996 నవంబరు తుపానులో షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడి కేబిన్ నుజ్జయిపోయింది, అక్కడితో మూలన పడింది. తుక్కు కింద అమ్మేద్దామని ఇంట్లో చాలామంది అన్నారు, నాకు మనసొప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు మొదలుపెట్టి, విడతలు విడతలుగా పూర్తి చేయించాను. అది రోడ్డెక్కి పదేళ్లు దాటింది. ఏటా సంక్రాంతికి పాత బళ్లున్న వాళ్లం కొబ్బరితోటలో ఒకచోట చేరతాం. ఒకాయన లేలాండ్ కామెట్ తెస్తాడు, ఇంకొకాయన ఫార్గో, ఒక్కోసారి హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డ్ కూడా వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. వాళ్లు అడిగే ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు ఇంజిన్. ఓఎం 312, ఆరు సిలిండర్లు, 4,580 సీసీ, ఇంచుమించు 100 హార్స్‌పవర్. ఈరోజుల్లో పెద్ద కార్లకే ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంటోంది కదా అంటారు కుర్రాళ్లు. ఉండొచ్చు గానీ, ఈ ఇంజిన్ తక్కువ స్పీడులో లాగే లాగుడు చూస్తే ఆ లెక్కలు గుర్తుకు రావు. మన కోనసీమలో కొండలు లేవు, ఎక్కాల్సినవల్లా వంతెన అప్రోచ్‌లు, ఏటిగట్లు. గట్టు ఎక్కేటప్పుడు మూడో గేరులో పెట్టి కాలు కదపకుండా ఉంచితే చాలు, రొద పెట్టకుండా, పొగ కక్కకుండా అలా ఎక్కుతూనే ఉంటుంది. ఖాళీ బండికి లీటరుకి ఐదు కిలోమీటర్లు అటూ ఇటూగా ఇస్తోంది. నలభై, యాభై స్పీడు దానికి హాయి. అరవై దాటించాలని నాకెప్పుడూ అనిపించలేదు, మీరూ దాటించకండి.

ఇది ప్రీ చాంబర్ ఇంజిన్. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలో ముందు అంటుకుని, అక్కడి నుంచి సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. ఆ తర్వాత వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ల గరుకు మోత దీనికి లేకపోవడానికి కారణం అదే. కానీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావాలంటే హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. ఆ ప్లగ్గులు ఆరూ ఒకే వరసలో కలిపి ఉంటాయి, ఒకటి కాలిపోతే మిగతా ఐదూ పనిచేయవు. డాష్‌బోర్డులో చిన్న జల్లెడ లాంటి మూత వెనక ఒక తీగ ఉంటుంది, హీటర్ లాగితే అది మెల్లగా ఎర్రబడుతుంది. తీగ ఎర్రబడలేదంటే ఎక్కడో ఒక ప్లగ్గు పోయినట్టు. ఒక సంక్రాంతికి, వెనకటి రోజుల్లో ఇలాంటి బండే నడిపిన పెద్దాయన ఒకరు వచ్చారు. కేబిన్ ఎక్కించి కూర్చోబెట్టాను. గేర్ రాడ్ మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు. నేను పక్కన నిలబడి, “స్టార్ట్ చేద్దామా బాబాయ్?” అన్నాను. “అప్పుడే సెల్ఫ్ కొట్టకు బాబూ, తీగ ఎర్రబడనీ” అన్నారు. ఎర్రబడ్డాక ఆయనే లాగారు, ఒక్క తిప్పుడుకే అందుకుంది. బండి చుట్టూ మూగిన జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని ఇంజిన్ చప్పుడు వింటూ, “రెండో నాజిల్ కొడుతోంది, చూపించుకో” అన్నారు. తర్వాత చూపిస్తే, సిలిండర్లకి డీజిల్ చిమ్మే నాజిళ్లలో నిజంగానే రెండోదే.

ఈ బండి కొనే వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది డీజిల్ పంపు గవర్నర్ గురించి, అంటే ఇంజిన్ స్పీడుని అదుపులో ఉంచే భాగం గురించి. దీనికి ఉన్నది గాలి గవర్నర్. ఇంజిన్ పీల్చే గాలి దారిలో ఒక పలక ఉంటుంది, మనం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది అదే. అక్కడి వ్యాక్యూమ్ సన్న గొట్టం గుండా పంపు వెనక ఉన్న డయాఫ్రంకి చేరుతుంది. ఆ లాగుడుని బట్టి డీజిల్ పెరగడం, తగ్గడం జరుగుతుంది. బండి ఊరికే నిలబడి ఉంటే ఆ డయాఫ్రం ఎండిపోయి బిరుసెక్కుతుంది. అప్పుడు ఐడిల్‌లో ఇంజిన్ ఒక చోట నిలవదు, లేస్తూ పడుతూ ఊగుతుంది. అది చిరిగినా, గొట్టం ఊడినా వ్యాక్యూమ్ పోతుంది. లోపలి స్ప్రింగు డీజిల్‌ని ఫుల్లుగా వదిలేస్తుంది, ఇంజిన్ ఆపకుండా రేజ్ అవుతుంది. మా బండికి ఓసారి ఇదే జరిగింది. ఒక పంపు షాపులో విప్పి బిగించినప్పుడు ఆ గొట్టం యూనియన్ సరిగా బిగించలేదు, స్టార్ట్ చేయగానే అరుపు లంకించుకుంది. గేరులో వేసి, బ్రేకు తొక్కి పట్టి, క్లచ్ వదిలి ఆపాను. అప్పటి నుంచి పంపు విప్పిన ప్రతిసారీ ఆ యూనియన్లు రెండూ నేనే చేత్తో పట్టి చూసుకుంటాను. గవర్నర్ మీద నూనె చుక్కలు వేసే రంధ్రం ఉంటుంది, దాన్ని మాత్రం మర్చిపోవద్దు. పార్టుల విషయంలో భయం లేదు. బెంగళూరు మైకో వాళ్ల పంపులు దశాబ్దాలపాటు దేశమంతా తిరిగినవే, ఓపిగ్గా వెతికితే పాత సామాను దొరుకుతుంది, పని తెలిసిన ముసలి మేస్త్రీలూ ఇంకా ఉన్నారు.

గేర్లు వాటంతటవే సాఫీగా కలిసేలా చేసే సింక్రో దీనికి లేదు, డబుల్ క్లచ్ తప్పదు. పై గేరుకి వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కాలి, కింది గేరుకి వచ్చేటప్పుడు మధ్యలో రేజ్ ఇవ్వాలి. వారం రోజుల్లో అలవాటైపోతుంది. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి నిలబడి ఉన్న బండి చక్రాలు తిప్పాలని చూడొద్దు, కొంచెం కదిలించి తిప్పండి, భుజాలూ బాగుంటాయి, ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులూ బాగుంటాయి. పవర్ స్టీరింగ్ పెట్టించమని సలహా ఇచ్చిన వాళ్లు ఉన్నారు. నేను పెట్టించను. ఆ బరువు చేతికి తెలిస్తేనే అది ఆ కాలం బండి.

బ్రేకుల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఆ కాలం లారీలన్నిటి లాగే ఇది కూడా దూరం నుంచే కాలు పెట్టాల్సిన బండి. హైడ్రాలిక్ బ్రేకులు, సాయానికి బూస్టరు. తిరుగుతూ ఉంటే బాగుంటాయి, రెండు నెలలు నిలబెడితే వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు అతుక్కుపోతాయి, తీయగానే ఫ్లూయిడ్ కారుతుంది. మా వైపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ. అందుకే పది, పదిహేను రోజులకోసారి కాలువ గట్టు మీద కాసేపైనా తిప్పి తీసుకొస్తాను. రంగు వేయించి, షెడ్డులో గుడ్డ కప్పి, పండక్కి మాత్రమే బయటికి తీసే బళ్లని నేను చాలా చూశాను. ఫొటోలో ధగధగ మెరుస్తాయి. తోటలోకి మాత్రం ట్రాక్టరు లాక్కొస్తేనే వస్తాయి. అంత కష్టపడి చేయించిన బండికి అది అన్యాయం.

చక్రాల గురించి ఒక హెచ్చరిక. 8.25-20 నైలాన్ టైర్లు ఇంకా దొరుకుతున్నాయి, ఆ దిగులు లేదు. కానీ రిమ్ముకి పక్కన లాకింగ్ రింగు ఉంటుంది. తుప్పు తిన్న రింగు సరిగా కూర్చోకుండా గాలి కొడితే అది ఊడి ప్రాణం తీసే వేగంతో ఎగురుతుంది. గాలి కొట్టేటప్పుడు చక్రానికి గొలుసు చుట్టించండి, రింగుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని.

ఇక కేబిన్. అప్పట్లో కంపెనీ నుంచి వచ్చేది చాసీ, ఇంజిన్, ముందు భాగం మాత్రమే. మిగతా కేబిన్, బాడీ అంతా ఇక్కడి వడ్రంగులు కట్టేవారు. కాబట్టి రెండు లారీల కేబిన్లు ఒక్కలా ఉండవు, కొలతల పుస్తకం ఏదీ ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకరిద్దర్ని అడిగితే రేకుతో చేసేస్తామన్నారు. నాకు చెక్కే కావాలి. చివరికి తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగి ఒకాయన ఒప్పుకున్నారు. పైకప్పు ముందు వంపు ఉంటుంది చూడండి, అది మామూలు తలుపులు, కిటికీలు చేసే వాళ్ల చేతికి రాలేదు, ఈయన పడవ వంపు తీసినట్టే తీసేశారు. చట్రం మొత్తం టేకు. ఇనప మేకులు, మరలు వాడనివ్వలేదు. “ఉప్పుగాలికి మేకు తుప్పు పడితే చుట్టూ చెక్క కూడా నల్లబడి పుచ్చిపోద్దండి” అని చెప్పి, ఇత్తడి మరలు తెప్పించారు. డోరు కింది చెక్కలో నీళ్లు నిలవకుండా వేలు పట్టని సన్న రంధ్రాలు రెండేసి పెట్టారు. ఇన్ని వర్షాకాలాలు గడిచినా ఒక్క కీలు వదులు కాలేదు. మొత్తం పనిలో ఎక్కువ డబ్బు తిన్నది కేబినే, ఇంజిన్ బోరింగుతో సహా అన్నీ కలిపినా దాని తర్వాతే. ఆ ఖర్చు మీద నాకే మాత్రం విచారం లేదు. జనం వచ్చి ముందు చెయ్యి పెట్టి నిమిరేది ఆ చెక్కనే.

ముందు గ్రిల్ మీద నక్షత్రం గురించి తోటలో ఏటా వాదన నడుస్తుంది. టాటా వాళ్లకీ డైమ్లర్ బెంజ్‌కీ ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. ఆ తర్వాతి బళ్లకి నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. మాది 1961ది కాబట్టి నక్షత్రం ఉండాల్సిందే. డెబ్బైల్లో వచ్చిన లారీలకి కూడా అందం కోసం నక్షత్రం తెచ్చి బిగిస్తున్నారు, అది నాకు నచ్చదు. టాటా గుర్తుతో వచ్చిన బండికి ఆ గుర్తే గౌరవం. రంగుల విషయంలో మాత్రం నేను పట్టుదలకి పోను. మనవాళ్లు ఏ లారీనీ కంపెనీ రంగుతో వదల్లేదు, దేవుడి పేరు, పిల్లల పేర్లు, వెనక పూలు, చిలకలు అన్నీ రాయించుకున్నారు. అవి చెరిపేసి విదేశీ ఫొటో చూసి ఒకే రంగు వేయడం కంటే, మన లారీని మన లారీలా ఉంచడమే సరైన బాగుచేత.

కాయితాల దగ్గర నాకు నిజంగా బాధ ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి నంబరులో వీఏ అని ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ అది సొంత వాడకం టూ వీలర్లకీ, కార్లకీ. సరుకు లారీ అందులోకి రాదు. మేము మామూలు లారీల లెక్కలోనే ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన భారీ వాహనాలకి ఆ ఫీజునే 12,500 రూపాయలకి పెంచారు. కిరాయికి ఒక్క బస్తా కూడా మోయని బండికి ఇది బరువే. అమెరికాలో పాత లారీల కోసమే 1971 నుంచి పెద్ద సంఘం ఉంది, ప్రదర్శనలకి వందల బళ్లు వస్తాయి. మన దగ్గర రాజుల కార్లకి ఉన్న చోటు, ఊళ్లకి బియ్యం, ఎరువు, సిమెంటు మోసిన లారీకి ఎందుకు లేదు? 1974లో కొవ్వూరు, రాజమండ్రి మధ్య రోడ్డు, రైలు వంతెన రాకముందు అక్కడ లారీని పంటు మీదికి ఎక్కించి గోదావరి దాటించిన డ్రైవర్లు మా తోటకి ఇంకా వస్తున్నారు. వాళ్లు ఉండగానే ఈ బళ్లకి ఒక గుర్తింపు రావాలని నా కోరిక.

కొనేవాళ్లకి చివరగా. రంగు చూసి వెళ్లకండి, టార్చి పట్టుకుని చాసీ కిందికి దూరండి. వెనక కమాను కట్టల బ్రాకెట్ల దగ్గర, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి రివిట్లతో కలిసిన చోట తుప్పు పొరలుగా ఉబ్బి ఉందంటే ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. సముద్రం దగ్గర తిరిగిన బళ్లలో ఇది ఎక్కువ. ఆ తర్వాత చాసీ నంబరు బ్రష్షుతో గీకి చూసి, ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోయాకే బేరం మొదలుపెట్టండి. నంబరు కలవని బండి ఎంత బాగా నడిచినా ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.