మోటార్‌హోమ్ వెనక లాగే కారు బ్యాటరీ: ఫ్యూజ్ పీకడమా, స్విచ్చా, సోలారా, చార్జ్ లైనా... ఏది మేలు?

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళల్లో అమెరికాలో పిల్లలున్నోళ్ళు చాలామంది, వాళ్ళలో కొందరు ఇప్పుడు ఆర్వీలు, అంటే లోపలే ఇల్లులా ఉండే మోటార్‌హోమ్ బండ్లు కొని, దాని వెనకే ఒక చిన్న కారు కట్టుకొని ఊళ్ళు తిరగతా ఉన్నారు, బస్సంత బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపేసి కారులో చుట్టుపక్కల చూసి రావచ్చని. టో బార్ అని రెండు బండ్లనీ కలిపే ఇనుప కడ్డీ ఒకటి తగిలించి, కారు నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లేలా లాక్కెళ్ళడాన్ని అక్కడ ఫ్లాట్ టోయింగ్ అంటారు. నేను ఇక్కడ బ్యాటరీల పనిలో ఉండేవాణ్ణి, మా కరకంబాడి అమరాన్ బ్యాటరీలు తయారయ్యే ఊరు కాబట్టి బ్యాటరీ మాట వస్తే మనోళ్ళు అమెరికా నుంచైనా ఇక్కడికే ఫోన్ చేస్తారు. మా అక్క కొడుకు టెక్సస్ నుంచి అడిగింది కూడా అదే, "మామా, పొద్దంతా లాక్కొచ్చినాక సాయంత్రం కారు స్టార్ట్ కాలా, బ్యాటరీ కొత్తదే కదా, ఏం చేయాల?" అని. నా ఓటు చార్జ్ లైన్‌కే, అంటే మోటార్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి కరెంటు తెచ్చే వైరుకే, కానీ మిగతావాటిని ఎందుకు పక్కన పెడతానో చెప్పకుండా అలా తేల్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ముందు బ్యాటరీ ఎందుకు దిగుతుందో చూద్దాం. ఇంజన్ ఆగి ఉన్న కారు కదా, కరెంటు ఎందుకు తింటుంది అనిపిస్తుంది. కానీ స్టీరింగ్ లాక్ పడితే ముందు చక్రాలు తిరగవు, మలుపులో టైర్లు ఈడ్చుకుపోతాయి, అందుకే చాలా కార్లలో తాళం యాక్సెసరీ పొజిషన్‌లో (ఇంజన్ ఆగి రేడియో లాంటివి మాత్రం నడిచే చోట) ఉంచాల, బటన్ స్టార్ట్ కార్లలో అయితే న్యూట్రల్‌లో ఉంచే మోడ్ పెట్టినంతసేపూ లోపల కంప్యూటర్లు మేలుకొనే ఉంటాయి. దానికి తోడు బ్రేక్ పెట్టె. మోటార్‌హోమ్ డ్రైవర్ బ్రేక్ తొక్కినప్పుడు వెనక కారు కూడా బ్రేక్ వేసుకోవాలని పెడల్ ముందు ఒక పెట్టె పెడతారు, అది కారులో ఫోన్ చార్జర్ పెట్టే సాకెట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. అది పెడల్ నొక్కినప్పుడల్లా, వైరింగ్‌ని బట్టి, కారు సొంత బ్రేక్ లైట్లు కూడా వెలగొచ్చు, 21 వాట్ల బల్బులు రెండంటే 42 వాట్లు, అంటే మూడున్నర ఆంప్స్. ఘాట్ దిగేటప్పుడు ఎంతసేపు బ్రేక్ మీద కాలుంటుందో తిరుమల కొండ దిగినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

లెక్కకోసం అన్నీ కలిపి సగటున 3 ఆంప్స్ అనుకుందాం, 8 గంటల ప్రయాణం అంటే 24 ఆంపియర్ అవర్స్. కారు బ్యాటరీ 50 ఆంపియర్ అవర్స్‌ది అయితే సగం అయిపోయినట్టే. స్టార్టింగ్ బ్యాటరీ అనేది ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చి వెంటనే నిండిపోవడానికి చేసింది, రోజూ సగం దాకా దించి నింపితే లోపలి ప్లేట్లు త్వరగా పాడవుతాయి. అంటే సాయంత్రం స్టార్ట్ కాకపోవడం కనిపించే సమస్య, ఒక సీజన్‌లోనే బ్యాటరీ చచ్చిపోవడం కనిపించని సమస్య.

కొందరు చెప్పేది, దారిలో ఆగినప్పుడల్లా కారు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే సరిపోతుందని. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగడం కోసం కొన్ని కార్ల మాన్యువల్‌లోనే అలా చేయమని ఉంటుంది, అది చేయాల్సిందే, కానీ బ్యాటరీ కోసం దాన్ని నమ్ముకోవద్దు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారు చేసే ఆల్టర్నేటర్ 30 ఆంప్స్ ఇస్తుందనుకున్నా అయిదు నిమిషాల్లో లోపలికి పోయేది రెండున్నర ఆంపియర్ అవర్సే, పోగొట్టుకున్న 24 ఎక్కడ, ఇది ఎక్కడ.

ఫ్యూజ్ పీకడం పాత పద్ధతి, డబ్బు ఖర్చు లేదు. 2014 మోడల్ దాకా వచ్చిన హోండా సీఆర్‌వీలు లాక్కెళ్ళేవాళ్ళలో ఇది మామూలు విషయం, తాళం ఒక పొజిషన్‌లో పెట్టి యాక్సెసరీ ఫ్యూజ్ తీసేస్తే డ్రెయిన్ తగ్గిపోతుంది (2015 నుంచి ఆ కారుకి సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చింది, ఇక ఫ్లాట్ టోయింగ్ కుదరదు, పాత వీడియోలు చూసి కొత్త కారు కట్టొద్దు). ప్రతిసారీ వంగి ఫ్యూజ్ తీయడం, పెట్టడం విసుగని చిన్న స్విచ్ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక చిక్కు మాత్రం జాగ్రత్తగా చూడాల. ఏ ఫ్యూజ్ తీస్తున్నామో దాని మీదే సాకెట్ కూడా నడుస్తా ఉంటే బ్రేక్ పెట్టెకి కరెంటు పోతుంది. బ్యాటరీ కాపాడుకోబోయి బ్రేక్ పోగొట్టుకుంటామా?

బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ గురించి ఎక్కువ చెప్పాల, ఎందుకంటే మనోళ్ళు ముందు అడిగేది అదే. మైనస్ టెర్మినల్ దగ్గర ఒక స్విచ్ పెట్టి తిప్పేస్తే మొత్తం కట్, చవక, సులువు, లాగినంతసేపూ బ్యాటరీ నిండుగా ఉంటుంది. కొన్ని మోడళ్ళకి కంపెనీ మాన్యువలే మైనస్ కేబుల్ తీసి లాగమంటుంది, అలాంటి కారుకి ఇంతకన్నా మంచిది లేదు, వాదనే వద్దు. మిగతా కార్లకి మాత్రం నాకు భయం. కరెంటు పూర్తిగా పోతే గడియారం, రేడియో, కిటికీల ఆటో సెట్టింగులు పోవడం చిన్న విషయం. కొన్ని కార్లలో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌కి కరెంటు లేకుండా లాగితే ముందు చక్రాలు అటూ ఇటూ వణకడం మొదలవుతుంది, 2014లో వచ్చిన జీప్ చెరోకీకి ఆ స్టీరింగ్‌కి కరెంటు అందేలా లాగడానికనే ప్రత్యేకంగా వైరింగ్ కిట్ కూడా వచ్చింది. అంతకన్నా పెద్దది బ్రేక్‌అవే. టో బార్ తెగి కారు విడిపోతే, ఒక పిన్ ఊడి కారు తనంతట తను బ్రేక్ వేసుకునే ఏర్పాటు అది. దానికి కారు బ్యాటరీ కరెంటే ఆధారం అయితే, స్విచ్ ఆపేసిన కారు విడిపోయినప్పుడు ఆగదు. హైవే మీద డ్రైవర్ లేని కారు ఎదురుగా వస్తా ఉంటే ఎదుటోళ్ళ గతి ఏంటి? స్విచ్ పెట్టేవాళ్ళు బ్రేక్ పెట్టె లైన్, బ్రేక్‌అవే లైన్ రెండూ ఆ స్విచ్‌తో కట్ కాకుండా వేయించుకోవాల, ప్లస్సులే కాదు, వాటి మైనస్ వైర్లు కూడా స్విచ్ దాటి నేరుగా బ్యాటరీకే పోవాల. ఇది చేయకుండా స్విచ్ ఒక్కటి పెట్టుకుంటానంటే నేను ఒప్పుకోను.

సోలార్ ప్యానెల్ సంగతి త్వరగా తేల్చేస్తా. 20 వాట్ల ప్యానెల్ నేరుగా మంచి ఎండ తగిలితే ఒక ఆంప్ కొంచెం పైన ఇస్తుంది, డ్యాష్‌బోర్డ్ మీద అద్దం వెనక పెడితే ఇంకా తక్కువ, రోజు మొత్తానికి అయిదారు ఆంపియర్ అవర్స్ వస్తే గొప్ప. క్యాంప్‌లో వారం రోజులు కదలకుండా ఉండే కారుకి చాలా మంచిది, లాగేటప్పుడు చాలదు, రాత్రి ప్రయాణానికి సున్నా.

ఇక చార్జ్ లైన్. మోటార్‌హోమ్ ఇంజన్ నడస్తా ఉన్నప్పుడు దాని ఆల్టర్నేటర్ ఎలాగూ కరెంటు తయారు చేస్తా ఉంటుంది, అందులోంచి ఒక వైరు వెనకదాకా తెచ్చి, లైట్ల కేబుల్‌తో పాటే కారు బ్యాటరీకి ఇవ్వడం. కారు ఎంత తింటుందో అంత నింపుతా పోతుంది, కారులో ఏదీ ఆపక్కర్లేదు, బ్రేక్ పెట్టెకీ బ్రేక్‌అవేకీ కరెంటు ఉంటుంది, దిగి తాళం తిప్పితే స్టార్ట్. నేను దీన్నే ఎంచుకోమనేది అందుకే.

కానీ చాలామంది దీన్ని సగం పని చేసి వదిలేస్తారు, తర్వాత పనిచేయలేదంటారు. బోరు దగ్గర ఎంత ప్రెషర్ ఉన్నా సన్న పైపుతో మూడో అంతస్తుకి ఎక్కిస్తే పైన ధార సన్నగా వచ్చినట్టే ఇక్కడ వోల్టేజీ. ముందు నుంచి కారు బ్యాటరీ దాకా 40 అడుగులు అనుకుంటే, పోను రాను 80 అడుగుల వైరు. అమెరికాలో 10 గేజ్ అంటారు, మన షాపుల్లో 6 ఎస్‌క్యూ ఎమ్ఎమ్ వైరుకి దగ్గర, దానికి అడుగుకి సుమారు ఒక మిల్లీ ఓమ్ రెసిస్టెన్స్, అంటే మొత్తం 0.08 ఓమ్. 5 ఆంప్స్ పోతే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి, ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే కారు దగ్గర 13.8, ఇది పర్వాలేదు. 15 ఆంప్స్ లాగితే 1.2 వోల్టులు పోయి 13 మిగులుతుంది, ఆ వోల్టేజీకి బ్యాటరీ సరిగ్గా నిండదు. ఇంకా సన్న వైరు వేస్తే ఇంకా అన్యాయం. పైగా కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు, పెట్రోల్ మిగలాలని వోల్టేజీని అవే దించుకుంటాయి.

అందుకే ఉత్త వైరు కన్నా చిన్న డీసీ-డీసీ చార్జర్ మేలు, అదీ కారు వైపు బ్యాటరీకి దగ్గరగా పెట్టాల. లోపలికి వచ్చే వోల్టేజీ కొంచెం తక్కువైనా బ్యాటరీకి కావాల్సినంత పెంచి ఇస్తుంది, కరెంటు హద్దు దాటనివ్వదు, వెనక్కి పోనివ్వదు. పెద్దది కొనొద్దు. మనకి కావాల్సింది 3 ఆంప్స్ ఖర్చుని పూడ్చడం, 5 నుంచి 10 ఆంప్స్‌ది చాలు, ఆ కేబుల్ ప్లగ్‌లోని పిన్నులు పెద్ద కరెంటుకి వేడెక్కుతాయి.

కారుని మొత్తం ట్రెయిలర్ మీద ఎక్కించేస్తే ఈ గొడవ ఏదీ లేదు, తాళం తీసి జేబులో వేసుకోవచ్చు. కాకపోతే ట్రెయిలర్ బరువు, దాన్ని క్యాంప్‌లో ఎక్కడ పెట్టాలన్న బాధ కొత్తగా వస్తాయి. కారుకి ఫ్లాట్ టోయింగ్ కుదరదని మాన్యువల్ చెప్తే మాత్రం ట్రెయిలరే దారి. జంప్ స్టార్టర్ ప్యాక్ ఏది ఎంచుకున్నా బండిలో ఉండాల, అది ఆపదకే, రోజూ దానితోనే స్టార్ట్ చేస్తా అంటే బ్యాటరీని చంపతా ఉన్నట్టు.

ఇక్కడ ఇది చదివి మనమూ కారవాన్ వెనక కారు కట్టుకుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట, మన దేశంలో రూల్స్ ప్రకారం చెడిపోయిన బండినో, రిజిస్టర్ అయిన ట్రెయిలర్‌నో తప్ప నడిచే కారుని ఇంకో బండి వెనక లాగకూడదు. భాకరాపేట ఘాట్‌లో ఆటోమేటిక్ కారు ఆగిపోయినా తాడు కట్టి లాగించుకోవద్దు, గేర్‌బాక్స్ పోవచ్చు, ఆలస్యమైనా ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించండి.

అక్కడ చార్జ్ లైన్ వేయించేవాళ్ళకి ఇంకొన్ని జాగ్రత్తలు. ఫ్యూజ్ రెండు వైపులా ఉండాల, రెండు బ్యాటరీలకీ జానెడు దూరంలోపే, మధ్యలో వైరు ఒరుసుకుపోయి తగిలితే రెండు పక్కల నుంచీ కరెంటు వచ్చి మంటలు లేస్తాయి. మోటార్‌హోమ్ ఇంజన్ ఆగినప్పుడు లైన్ దానంతటదే కట్ అయ్యే రిలే పెట్టించండి. మైనస్ కోసం టో బార్ ఇనుముని నమ్ముకోవద్దు, తుప్పు పడితే కాంటాక్ట్ పోతుంది, వేరే వైరే వేయాల. కారుకి స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉండి మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటే చార్జర్ మైనస్ నేరుగా టెర్మినల్‌కి కాకుండా కారు బాడీ ఇనుముకి (గ్రౌండ్‌కి) ఇవ్వాల, లేకపోతే కారు కంప్యూటర్‌కి ఎంత చార్జ్ ఎక్కిందో తెలీదు. అన్నీ అయ్యాక ఒక రోజు లాగి, ఆపి, కొన్ని గంటలు వదిలేసి మల్టీమీటర్‌తో చూడండి, 12.6 చుట్టూ ఉంటే లైన్ పనిచేస్తా ఉంది, 12.2 దగ్గర ఉంటే సగం దిగినట్టు, వైరు మందం, ప్లగ్ పిన్నులు, ఫ్యూజులు మళ్ళీ ఒక్కొక్కటిగా చూసుకుంటా రండి.