వార్త కింద కామెంట్లు: ముందే చూసి వెయ్యాలా, వేశాక తీసెయ్యాలా, అసలు మూసెయ్యాలా?

వార్తా సైటు నడిపేవాళ్ళ ముందు ప్రధానంగా నాలుగు దార్లున్నాయి. పాఠకుడు రాసింది రాసినట్టు వెంటనే వేసేసి, ఫిర్యాదు వస్తే తియ్యడం ఒకటి. మనిషి చదివాకే వెయ్యడం రెండోది. ఆ చదివే పనిని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పడం మూడోది. ఈ తలనొప్పంతా ఎందుకని కామెంట్ల పెట్టెనే ఎత్తెయ్యడం నాలుగోది. డబ్బు లెక్కన మొదటిదీ చివరిదీ చవక. అందుకే చాలా సైట్లు ముందు బార్లా తెరిచి, బూతులు భరించలేని రోజున మొత్తంగా మూసేస్తాయి. ఈ రెండూ పాఠకుడికి అన్యాయం చేసేవేనని నా అభిప్రాయం. తక్కువ కథనాలకు తెరిచి, తెరిచిన ప్రతిదాన్నీ మనిషి చూసి వెయ్యడమే మేలు. ఎందుకో చెబుతాను.

ముందుగా, వేసేసి తర్వాత తీసే పద్ధతి. ఒక రోడ్డు ప్రమాదం వార్త అనుకోండి. ఇద్దరు చనిపోయారు, పేర్లు వార్తలో ఉన్నాయి. కింద మొదటి కామెంటు: "అర్ధరాత్రి తిరుగుళ్ళు అవసరమా? కచ్చితంగా తాగే ఉంటారు." ఇందులో ఒక్క తిట్టు లేదు. రాసినవాడికి ఏమీ తెలియదు, ఊరికే అనేశాడు. ఈలోగా చనిపోయినవాళ్ళ బంధువులు అదే లింకును ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఎవరో రిపోర్టు కొట్టి, అది డెస్కులో ఉన్నవాళ్ళ కంట పడేసరికి గంటలు గడుస్తాయి. అప్పటికి దాని కింద పదిమంది చేరి ఉంటారు. కామెంటు తీసెయ్యొచ్చు గానీ, చదివిన తల్లి మనసులోంచి దాన్ని ఎవరు తీస్తారు?

ఆ రిపోర్టు బటన్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. ఒక వర్గంవాళ్ళు కూడబలుక్కుని నచ్చని అభిప్రాయం మీద మూకుమ్మడిగా నొక్కితే, నిక్షేపంలాంటి కామెంటు కూడా మాయమైపోతుంది.

చట్టం దగ్గరా ఈ పద్ధతికి గట్టి దెబ్బే తగిలింది. 2006 జనవరిలో ఎస్టోనియాలో డెల్ఫీ అనే వార్తా పోర్టల్ ఒక ఫెర్రీ కంపెనీ గురించి వార్త వేసింది. గడ్డకట్టిన సముద్రం మీద వేసే రోడ్లను ఆ కంపెనీ పాడుచేసిందన్నది విషయం. దాని కింద 185 కామెంట్లు వచ్చాయి. వాటిలో ఓ ఇరవై ఆ కంపెనీలో పెద్ద వాటా ఉన్న వ్యక్తిని తిట్టేవి, బెదిరించేవి. డెల్ఫీలో ఫిర్యాదు బటన్ ఉంది, కొన్ని బూతుమాటలను పట్టుకునే ఫిల్టరూ ఉంది. అయినా ఆ కామెంట్లు సుమారు ఆరు వారాలు అలాగే ఉన్నాయి. లాయరు నోటీసు అందిన రోజే తీసేశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఎస్టోనియా కోర్టు వేసిన పరిహారం సుమారు 320 యూరోలు, చిన్న మొత్తమే. అయితే అది భావప్రకటనా స్వేచ్ఛకు భంగం కాదని 2015 జూన్‌లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చడంతో యూరప్ సైట్లన్నీ ఉలిక్కిపడ్డాయి. మరుసటి ఏడాదే హంగరీకి చెందిన ఇండెక్స్ పోర్టల్ కేసులో అదే న్యాయస్థానం సైటు వైపు నిలిచింది. అక్కడి కామెంట్లు మొరటుగా ఉన్నా ద్వేషం, హింసకు పిలుపు లాంటివి లేవన్నది కారణం. ఆస్ట్రేలియా హైకోర్టు 2021లో ఇంకా ముందుకెళ్ళి, మీడియా సంస్థల ఫేస్‌బుక్ పేజీల కింద పాఠకులు రాసేవాటికి కూడా ఆ సంస్థలే ప్రచురణకర్తలంది. అమెరికాలో మాత్రం 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్ పాఠకులు రాసేవాటి బాధ్యత నుంచి సైట్లను కాపాడుతోంది. దానికి ముందు ఏడాది అక్కడ ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సేవల సంస్థ మీద వచ్చిన తీర్పు తల్లకిందుల తీర్పు: నువ్వు కామెంట్లను సరిచూస్తున్నావు కాబట్టి బాధ్యత నీదే అని. ఇంటిని శుభ్రంగా ఉంచుకునేవాడికే శిక్ష అన్నమాట. ఆ తప్పు దిద్దడానికే 230 వచ్చింది.

ఇంత ఉంటే మూసెయ్యడమే నయం కదా అనొచ్చు. అనేవాళ్ళ దగ్గర బలమైన లెక్కలున్నాయి. అమెరికా సైన్స్ పత్రిక పాపులర్ సైన్స్ 2013లో మూసింది. ఒకే కథనం కింద మొరటు కామెంట్లు పెడితే, చదివినవాళ్ళు ఆ విషయాన్ని అర్థం చేసుకునే తీరే మారిపోతోందన్న పరిశోధనను కారణంగా చూపింది. రాయిటర్స్ 2014లో వార్తల కింద ఎత్తేసింది. అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ 2016 ఆగస్టులో మూస్తూ జూలై నెల లెక్క చెప్పింది: సైటుకి వచ్చినవాళ్ళు దాదాపు 3 కోట్ల 30 లక్షల మంది, కామెంట్లు 4 లక్షల 91 వేలు, రాసినవాళ్ళు 19,400 మంది. అంటే వెయ్యిమందిలో ఒక్కడు కూడా రాయడం లేదు.

ఈ లెక్క నిజమే, కానీ దాని నుంచి తీసిన నిర్ణయంతో నేను ఒప్పుకోను. పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే. చదివేవాళ్ళు మాత్రం చాలామంది. రాసేవాళ్ళు తక్కువన్నది బాగా ఎంచి వెయ్యడానికి కారణం కావాలి గానీ, ఎత్తెయ్యడానికి కాదు. మూసేస్తే పోయేది తిట్లు మాత్రమే కాదు. "మీరు రాసిన తేదీ తప్పండీ, ఆ ప్రాజెక్టులో నేను పనిచేశాను" అని చెప్పే మనిషి కూడా పోతాడు. విలేకరికి తర్వాతి కథనం దొరికేది అలాంటివాళ్ళ దగ్గరే. ఇక చర్చ ఆగుతుందా అంటే అదీ లేదు. సోషల్ మీడియాకి మారుతుంది. అక్కడ సైటు పెట్టిన నియమాలు పూర్తిగా చెల్లవు, తప్పు దిద్దే అవకాశమూ తక్కువే.

అసలు పేరుతోనే రాయాలని పట్టుబడితే సరిపోదా అని అడుగుతారు. దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లకు ఆ చట్టమే పెట్టి చూసింది. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. సొంత పేరుతో తిట్టేవాళ్ళకి కొదవ లేదు. పైగా ఆఫీసులో జరిగే అన్యాయం గురించి చెప్పాల్సినవాడు సొంత పేరుతో ఎలా చెబుతాడు?

సాఫ్ట్‌వేర్ సంగతి కాస్త ఆగి చూడాలి. అప్పట్లో గూగుల్ మాతృసంస్థ కింద ఉన్న జిగ్‌సా అనే విభాగం 2017లో పర్‌స్పెక్టివ్ అనే పనిముట్టును తెచ్చింది. కామెంటు ఎంత విషపూరితమో సున్నా నుంచి ఒకటి మధ్య మార్కు వేస్తుంది. తిట్టు మధ్యలో ఒక చుక్క పెట్టినా, అక్షరం మార్చినా మార్కు పడిపోతుందని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు అదే ఏడాది చూపించారు. నల్లజాతివాళ్ళ మాటతీరులో రాసిన మామూలు వాక్యాలకూ ఇలాంటి పనిముట్లు ఎక్కువ మార్కు వేస్తున్నాయని 2019లో తేలింది. ఒక భాషను మరో లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు రాసేచోట వీటికి ఇంకా కష్టం. పైన చెప్పిన "తాగే ఉంటారు" కామెంటు దీని పక్కనుంచే దాటిపోవచ్చు. బూతు లేదు, క్రూరత్వం ఉంది. ఆ తేడా వార్త చదివినవాడికే తెలుస్తుంది.

అలాగని సాఫ్ట్‌వేర్‌ని తోసెయ్యక్కర్లేదు. న్యూయార్క్ టైమ్స్‌లో 14 మంది మోడరేటర్లు రోజుకు సుమారు 11 వేల కామెంట్లు చదివి వేసేవాళ్ళు. అందుకే పదింట ఒక కథనానికి మాత్రమే కామెంట్లు తెరిచేవాళ్ళు. 2017లో జిగ్‌సా సాయంతో పెండింగ్ కామెంట్లను మార్కుల వారీగా వరస పేర్చుకుని, నాలుగింట ఒక కథనానికి తెరవగలిగారు. సాఫ్ట్‌వేర్ వాడాల్సింది ఇలా, మనిషి పని తేలిక చెయ్యడానికి. వెయ్యాలా వద్దా అన్నది మనిషే తేల్చాలి.

మనిషి ముందే చూసి వేసే పద్ధతికి రెండు లోపాలున్నాయి. ఒకటి ఆలస్యం. రాత్రి రాసింది పొద్దున కనపడితే చర్చ చప్పబడిపోతుంది. రెండోది అనుమానం. నా మాట ఎందుకు వెయ్యలేదు, సెన్సార్ చేశారా అని. ఈ రెండో దానికి మందు ఉంది గానీ ఎక్కువమంది వాడరు: తిరస్కరించినప్పుడు కారణం చెప్పడం. "రెండో వాక్యంలో వ్యక్తిని తిట్టారు, అది తీసి మళ్ళీ పంపండి, మిగతాది వేస్తాం" అని ఒక్క ముక్క. అలా అడిగితే దిద్ది పంపేవాళ్ళు ఉంటారు. ఆలస్యానికి మందు తక్కువ తెరవడమే. బ్రిటన్ పత్రిక గార్డియన్ తన 7 కోట్ల కామెంట్లను 2016లో పరిశీలిస్తే, తొలగించాల్సి వచ్చినవి 14 లక్షలు. ఎక్కువ దూషణకు గురైన పదిమంది రచయితల్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఇద్దరు నల్లజాతి మగవాళ్ళు. అతి తక్కువ తిట్లు తిన్న పదిమందీ మగవాళ్ళే. కామెంట్లను గాలికి వదిలేస్తే కొందరు రాయడమే మానుకుంటారు. చూసుకునే ఓపిక ఉన్నన్నిటికే తెరుస్తామని, జాతి, వలసలు, ఇస్లాం మీది కథనాల విషయంలో గార్డియన్ ఆ ఏడాదే ప్రకటించింది. ఆ నిర్ణయం సరైనదే.

ఒకే ఒక్క మనిషిని కేటాయించగల చిన్న సైటుకి నేను చెప్పేది ఇది. రోజుకు రెండు కథనాలకే తెరవండి. చావులు, ప్రమాదాలు, అత్యాచారాల వార్తలకు ఎప్పుడూ వద్దు. ఉదయం తెరిచి సాయంత్రానికి కట్టెయ్యండి, ఆ వేళలు పైనే రాయండి. రాసిన విలేకరి ఆ వేళల్లో అక్కడ ఉండి రెండు మూడు ప్రశ్నలకైనా జవాబివ్వాలి. విలేకరి మాట్లాడేచోట మొరటుతనం తగ్గుతుందని ఒక అమెరికా టీవీ చానల్ ఫేస్‌బుక్ పేజీ మీద చేసిన అధ్యయనంలో కనిపించింది కూడా. తెరవని వార్తల కింద "ఇందులో తప్పుంటే చెప్పండి" అని ఒక ఈమెయిల్ చిరునామా పెట్టి, దాన్ని రోజూ చదవండి.